బస్సులో పనికివచ్చు కన్నడము

బెంగుళూరులో తెలుగుతోనే పని గడచునని మన యిండ్లలో తరచుగా అనుకొందుము. అంగడిలో గడచును. కాని మెజెస్టిక్‌లో బస్సు మారవలసిన పిల్లవానికి నాలుగు కన్నడపు మాటలు రాకున్న చిక్కే.

మనకు సగము శ్రమ ముందే తీరినది. ప్రాచీన కన్నడమున పదాదినున్న పకారము కాలక్రమమున హకారమైనది; తెలుగున నిలిచినది. కనుకనే మన పాలు వారికి హాలు, పులి హులి, పల్లె హళ్ళి, పంది హంది, పువ్వు హూవు. పోవుటకు 'హోగు' అందురు.

పోలికను నమ్మి మోసపోవు చోట్లును గలవు. 'ఇల్లి' యనగా ఇక్కడ, 'ఇల్ల' యనగా లేదు. మన యిల్లు వారికి 'మనె'. 'ఊట' నీటి ఊట కాదు, భోజనము. 'సాకు' అనిన చాలు. 'బేడ' అనిన వద్దు. రెండణాల బేడ నెరిగిన తాతగారలకు ఇది నవ్వు పుట్టించును.

ప్రయాణమునకు ముందుగా ఇవి నేర్చుకొందము: 'ఈ బస్సు మల్లేశ్వరక్కె హోగుత్తా?' (ఈ బస్సు మల్లేశ్వరమునకు పోవునా?), 'ఎష్టు?' (ఎంత?), 'ఎల్లి ఇళియబేకు?' (ఎక్కడ దిగవలెను?), 'ఇల్లి నిల్లిసి' (ఇక్కడ ఆపండి).

'బా' యనుట తోటివానికే చెల్లును. కండక్టరుతోను పెద్దలతోను 'బన్ని', 'కొడి', 'హేళి' యనవలెను. మన 'రండి', 'ఇవ్వండి', 'చెప్పండి' ఇవియే. ఇంట మర్యాద నేర్చిన పిల్లవాడు ఈ తుది యికారము తెలియక వీధిలో పెంకెవాడనిపించుకొనుట మాకు మిక్కిలి బాధ కలిగించును. తల్లిదండ్రులు దీనిని ముందుగా నేర్పవలెను.

బోర్డులు చదువుట యింకను సులువు. మన తలకట్టు వంకరగా నుండును, వారిది అడ్డగీత. క, శ వంటి కొన్ని అక్షరములను మాత్రము వేరుగా దిద్దుకొనవలెను.