మనసుకు తగిలిన గాయం, ఊరి సేవల బాధ్యత: రంగత్ ఉదాహరణగా ఒక పాఠం

మధ్య అండమాన్‌లో రంగత్ అనే చిన్న పట్టణం ఉంది. దాని చుట్టుపక్కల ఊళ్ల పేర్లు తెలుగువారికి కొత్తగా అనిపించవు. పర్ణశాల, పంచవటి, శబరి, జనక్‌పూర్, ఊర్మిళాపూర్ అన్నీ రామాయణం నుంచి వచ్చినవే. ఇల్లూ వాకిలీ వదిలి అడవిలో కొత్త బతుకు మొదలుపెట్టిన కథ నుంచి తీసుకున్న ఈ పేర్లు ఇక్కడికి వచ్చిన చాలామంది జీవితాలకు కూడా సరిపోతాయి. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థులకు 1949 నుంచి అండమాన్‌లో భూములిచ్చి స్థిరపరిచారు. ఛోటా నాగపూర్ నుంచి అడవి పనులకు వచ్చిన కూలీలు, తమిళులు, తెలుగువారు కూడా ఈ దీవులనే ఊరు చేసుకున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల్లో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు.

ఇలాంటి చోట మానసిక గాయం గురించి మాట్లాడుకోవడానికి బలమైన కారణం ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో ప్రతి లక్ష జనాభాకు 12.4 ఆత్మహత్యలు నమోదు కాగా, అండమాన్ నికోబార్‌లో 42.8 నమోదయ్యాయి. జనాభా తక్కువ కాబట్టి ఈ రేటు ఏటా కొంత హెచ్చుతగ్గులకు లోనవుతుంది. అయినా దేశ సగటుకు మూడు రెట్లకు పైగా ఉండటాన్ని తేలిగ్గా తీసుకోలేం. ఒక ఆత్మహత్యకు ఒకే కారణం ఉండదు. అయితే కష్టంలో ఉన్న మనిషికి సాయం ఎంత దగ్గరలో, ఎంత సులభంగా దొరుకుతుందన్నది మన చేతుల్లో ఉన్న విషయం.

మానసిక గాయం అంటే ఏమిటి?

ప్రాణభయం కలిగించే సంఘటన, హింస, ఆప్తుల ఆకస్మిక మరణం, ఉన్న ఊరు విడిచిపోవలసి రావడం వంటివి మనసు తట్టుకునే హద్దును దాటినప్పుడు మిగిలే దెబ్బను మానసిక గాయం అంటాం. ప్రమాదం ఎదురుకాగానే మెదడులోని అమిగ్డలా అనే భాగం హెచ్చరిక ఇస్తుంది. అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు విడుదలవుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇది ప్రాణం కాపాడే ఏర్పాటు. ప్రమాదం పోయాక ఇది సద్దుమణగాలి. కొందరిలో అలా జరగదు. ఆనాటి శబ్దమో, వాసనో, ఒక గట్టి మాటో ఎదురైతే చాలు, శరీరం మళ్లీ అదే ప్రమాదంలో ఉన్నట్టు స్పందిస్తుంది.

అలాంటి మనిషి ఆఫీసు బల్ల ముందు కూర్చుని జరిగింది వరుసగా చెప్పలేకపోవచ్చు. తేదీలు తప్పు చెప్పవచ్చు, ఉన్నట్టుండి కోపగించుకోవచ్చు, ఏమీ మాట్లాడకపోవచ్చు. ఎదుటి ఉద్యోగికి ఇది అబద్ధంలాగో, మొండితనంలాగో కనిపిస్తుంది. నిజానికి అది గాయం చూపించే లక్షణం కావచ్చు.

చిన్నతనంలో తగిలిన గాయాల ప్రభావం ఇంకా దూరం వెళుతుంది. అమెరికాలోని శాన్ డియేగోలో 9,500 మందికి పైగా పెద్దలపై చేసిన అధ్యయనం 1998లో వెలువడింది. బాల్యంలో వేధింపు, ఇంట్లో హింస, ఇంటివారి మద్యపానం వంటి ప్రతికూల అనుభవాలు నాలుగు రకాలు లేదా అంతకంటే ఎక్కువ ఎదుర్కొన్నవారిని, ఏవీ ఎదుర్కోనివారితో పోల్చారు. పెద్దయ్యాక మద్యానికి బానిస కావడం, కుంగుబాటు, ఆత్మహత్యాయత్నం వంటి ముప్పులు వారిలో నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువగా కనిపించాయి. అందుకే బడికి, అంగన్‌వాడీకి ఈ విషయంలో ఆసుపత్రితో సమానమైన పాత్ర ఉంది.

సునామీ నేర్పింది

2004 డిసెంబర్ 26న ఉదయం సుమారు ఆరున్నరకు సుమత్రా దగ్గర 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. తర్వాత వచ్చిన సునామీలో అండమాన్ నికోబార్‌లో మరణించినవారు, జాడ తెలియనివారు కలిపి 3,500 మందికి పైగా ఉన్నారు. నికోబార్ దీవులకు జరిగినంత నష్టం మధ్య అండమాన్‌కు జరగలేదు. కానీ భూమి అన్ని దీవుల్లోనూ కంపించింది. అనంతర ప్రకంపనలు నెలల తరబడి జనాన్ని భయపెట్టాయి.

బెంగళూరులోని నిమ్‌హాన్స్ వైద్యులు దీవులకు వచ్చి, తీవ్రంగా దెబ్బతిన్న 74 సహాయ శిబిరాల్లో పనిచేశారు. మానసిక వైద్యం కోసం వచ్చిన 475 మంది పెద్దలను పరిశీలించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. ఊరు విడిచి రావలసి వచ్చినవారిలో 5.2 శాతం మందిలో, ఉన్నచోటే ఉన్నవారిలో 2.8 శాతం మందిలో మానసిక రుగ్మతలు కనిపించాయి. కుంగుబాటు, గాయానంతర ఒత్తిడి రుగ్మత మాత్రం రెండు వర్గాల్లోనూ సమానంగానే ఉన్నాయి. అంటే ఇల్లు నిలిచినంత మాత్రాన మనసు నిలిచిందని అనుకోకూడదు.

తొలి దశలో బాధితులను నిలబెట్టినవి ఏమిటో కూడా ఆ వైద్యులు నమోదు చేశారు. కుటుంబ వ్యవస్థ, ఒకరినొకరు అంటిపెట్టుకున్న సమాజం, పెద్దల నిస్వార్థ సేవ, దైవ విశ్వాసం ఆ జాబితాలో ఉన్నాయి. నిర్ణయాల్లో బాధితులను, ఊరి పెద్దలను కలుపుకున్నప్పుడు జనం ముందుకొచ్చారని కూడా రాశారు. వైద్యం అవసరమే, కానీ తేరుకునే శక్తిలో పెద్ద భాగం మనుషుల మధ్య ఉన్న బంధాల్లో ఉందని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఒకే కష్టం, ఆరు ఆఫీసులు

రంగత్ నుంచి శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్) రోడ్డు మార్గంలో సుమారు 170 కిలోమీటర్లు. మధ్యలో జరావా తెగవారి రక్షిత ప్రాంతం గుండా వాహనాలు నిర్ణీత సమయాల్లో బారులు తీరి మాత్రమే వెళ్లాలి. మిడిల్ స్ట్రెయిట్ దగ్గర వాహనాలను పడవ మీద దాటించాలి. నిపుణుడి దగ్గరకు వెళ్లడమంటే ఒక రోజు కూలీ పోగొట్టుకోవడం. కాబట్టి మొదటి ఆసరా రంగత్‌లోనే ఉన్న సామాజిక ఆరోగ్య కేంద్రం, బడి, అంగన్‌వాడీ, పోలీస్ స్టేషన్, తహసీల్ కార్యాలయం, పంచాయతీల నుంచే రావాలి.

ఇప్పుడు ఒక పరిస్థితి ఊహించుకుందాం. వేటకు వెళ్లిన ఒక తెలుగు మత్స్యకారుడు తిరిగి రాలేదు. అతని భార్య మొదట పోలీసుల దగ్గరకు వెళ్లింది. తర్వాత మత్స్యశాఖ, తహసీల్ కార్యాలయం, బ్యాంకు, పిల్లల బడి. ఆమెకు నిద్ర పట్టక, గుండె దడ వచ్చి ఆరోగ్య కేంద్రానికీ వెళ్లింది. ప్రతిచోటా ఒకటే మాట: "ఏమ్మా, ఏం జరిగిందో మొదటినుంచి చెప్పు." శవం దొరకలేదు కనుక ఏడవాలో, ఎదురు చూడాలో ఆమెకే తెలియదు. సాధారణంగా ఏడేళ్లపాటు ఆచూకీ లేకపోతేనే మరణించినట్టు చట్టం భావిస్తుంది. ఈలోగా ఆరుచోట్ల అదే కథ, అదీ తనకు అంతగా పట్టులేని హిందీలో చెప్పుకోవాలి. ఎవరూ ఆమెను కావాలని బాధపెట్టలేదు. ఎవరి పని వారు చేశారు. అయినా వ్యవస్థ మొత్తంగా ఆమె గాయాన్ని ఆరుసార్లు రేపింది.

మానసిక గాయాన్ని ఎరిగిన సేవ అంటే ఈ పరిస్థితిని మార్చే పద్ధతి. 2014లో అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ దీనికి నాలుగు మెట్లు చెప్పింది. గాయం ఎంత విస్తృతమో గ్రహించడం, దాని లక్షణాలను గుర్తించడం, సేవలందించే తీరును అందుకు తగ్గట్టు మార్చుకోవడం, గాయాన్ని మళ్లీ రేపకపోవడం. నాలుగో మెట్టు ఏ ఒక్క ఆఫీసుకూ ఒంటరిగా సాధ్యం కాదు. సేవలు కలిసి పనిచేయాలనడానికి అసలు కారణం ఇదే.

ఎవరు ఏం చేయగలరు?

ఒక్కసారి చెబితే సరిపోవాలి: ఆమె అనుమతితో మొదటి ఆఫీసులోనే ముఖ్య వివరాలు ఒక కాగితం మీద రాసి, మిగిలిన ఆఫీసులకు అదే పంపవచ్చు. ఏది పంపాలో, ఏది పంపకూడదో ఆమే నిర్ణయించాలి. వైద్య వివరాలు ఆరోగ్య కేంద్రం దాటి పోకూడదు.

తోడుగా ఒక మనిషి: ఆశా కార్యకర్తో, అంగన్‌వాడీ టీచరో, పంచాయతీ సభ్యురాలో, ఆమె భాష తెలిసిన ఒకరు వెంట వెళ్లాలి. ఇంటి భాషలో బాధ చెప్పుకోగలగడం కూడా భద్రతే.

బడి: తండ్రిని పోగొట్టుకున్న పిల్లవాడు పాఠం వినకపోయినా, కొట్లాడినా ముందు శిక్ష కాదు, పలకరింపు కావాలి. రోజూ ఒకే వేళకు నడిచే బడి, తెలిసిన ఉపాధ్యాయుడు పిల్లల మనసుకు పెద్ద ఊరట.

పోలీసులు: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు. అతనికి సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. కాబట్టి స్టేషన్ నుంచి ఆరోగ్య కేంద్రానికి నేరుగా దారి ఉండాలి.

నెలకో సమావేశం: ఈ శాఖలవారు నెలకొకసారి ఒక గంట కూర్చుని, ఎవరి విషయం ఎక్కడ ఆగిందో చూసుకుంటే చాలా చిక్కులు విడిపోతాయి. దీనికి కొత్త భవనం, కొత్త పథకం అక్కర్లేదు.

రెండు జాగ్రత్తలు

మొదటిది, మంచి ఉద్దేశంతోనైనా జరిగిందంతా బలవంతంగా చెప్పించకూడదు. సంఘటన జరిగిన వెంటనే అందరినీ కూర్చోబెట్టి అనుభవాలు చెప్పించే పద్ధతి ఒకప్పుడు వాడుకలో ఉండేది. దానివల్ల మేలు జరిగినట్టు తేలకపోగా, కొందరికి హాని జరిగే వీలుందని పరిశోధనలు చూపాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు పనులు చెబుతుంది: చూడండి, వినండి, కలపండి. ముందు భద్రత, తిండి, నీళ్లు చూడాలి. చెప్పదలచుకుంటే ఓపికగా వినాలి. తర్వాత కుటుంబంతో, సేవలతో కలపాలి. నిద్రలేమి, భయం వారాల తరబడి తగ్గకపోయినా, చనిపోవాలన్న మాట వినిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుడికి చూపించాలి.

రెండోది, సాయం చేసేవారి మనసు. చిన్న ఊళ్లో నర్సూ, కానిస్టేబులూ, టీచరూ కూడా అదే విపత్తులో నష్టపోయినవారే. వారికి విశ్రాంతి, మాట్లాడుకోవడానికి తోటివారు లేకపోతే ఏ ఏర్పాటూ ఎక్కువ కాలం నిలవదు.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో 2007 నుంచి సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. సముద్రం గురించి ముందుగా చెప్పే ఏర్పాటు మనకు ఉంది. మనసు కుంగుతున్న మనిషిని ముందుగా గుర్తించే యంత్రం మాత్రం లేదు. ఆ పని బడిలో, జెట్టీ దగ్గర, ఆసుపత్రి చీటీల కిటికీ దగ్గర రోజూ జనాన్ని చూసేవారే చేయాలి. వారు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటూ ఉంటేనే ఆ హెచ్చరిక సమయానికి అందుతుంది.

మీకు గాని, మీవారికి గాని మానసిక ఇబ్బంది ఉంటే టెలి మానస్ ఉచిత సహాయవాణి 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

ఆలోచించండి

1. మీ ఊళ్లో ఆప్తులను పోగొట్టుకున్న కుటుంబం ఎన్ని ఆఫీసులకు వెళ్లాల్సి వస్తుంది? వాటిలో ఎన్నింటిని తగ్గించవచ్చు?
2. తరగతిలో హఠాత్తుగా మాట మానేసిన విద్యార్థి గురించి ఉపాధ్యాయుడు ఎవరితో మాట్లాడాలి, ఏ విషయం బయటపెట్టకూడదు?
3. ఉన్నచోటే ఉన్నవారిలోనూ కుంగుబాటు సమానంగా ఉందన్న ఫలితాన్ని బట్టి సహాయ కార్యక్రమాలు ఎవరిని మరిచిపోయే అవకాశం ఉంది?