రమజాన్‌లో మానేస్తే అలవాటు పోయినట్లేనా?

మద్యం హరామ్ అని తెలియని ముస్లిం ఇల్లు ఉండదు. దాని లాభం కన్నా పాపమే పెద్దదని అల్ బఖర సూరా తెలిపింది. మత్తులో ఉన్నప్పుడు నమాజు దరిదాపులకు పోవద్దని అన్ నిసా సూరా వారించింది. చివరకు అల్ మాయిదా సూరా 90, 91 ఆయతులు దాన్ని షైతాను పనిగా పేర్కొని పూర్తిగా నిషేధించాయి. ఎక్కువ తాగితే మత్తెక్కించేది కొంచెమైనా హరామేనని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. కనుక ‘ఎంతవరకు తాగితే ఫర్వాలేదు?’ అన్న ప్రశ్నకు మన దగ్గర తావు లేదు.

అయితే మన ఇళ్ళల్లో ఎవరూ పైకి అడగని ప్రశ్న ఒకటుంది. తాగుతున్న మనిషి పాపం మాత్రమే చేస్తున్నాడా, లేక ఆ పాపం ముదిరి జబ్బుగా కూడా మారిందా? పాపానికి తౌబా ఉంది. జబ్బుకు తౌబాతో పాటు వైద్యుడు కూడా కావాలి. తెలుగునాట సారాను ‘మందు’ అనటం అలవాటైపోయింది. తారిఖ్ బిన్ సువైద్ (రజి) ఔషధం కోసమే దాన్ని తయారు చేస్తున్నానని విన్నవించుకున్నప్పుడు, అది మందు కాదు, రోగమని దైవప్రవక్త (స) చెప్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది.

ఆ రోగాన్ని గుర్తించటానికి మనకు అడ్డొచ్చేది పరువు. భర్త తాగుతాడని బయటపడితే కూతురికి సంబంధం కుదరదేమోనని భార్య భయపడుతుంది. తల్లి రహస్యంగా అప్పులు తీరుస్తుంది. అన్నదమ్ములు ‘ఒంట్లో బాగాలేదు’ అని పనిచేసే చోటికి కబురు చేస్తారు. ఇలా ఏళ్ళు గడిచిపోతాయి. సోదరుని లోపాన్ని కప్పి ఉంచటం మంచి గుణమే. వైద్యునికి కూడా చెప్పకుండా కప్పి ఉంచితే మాత్రం అది అతనికి మేలు చేసినట్లు కాదు.

అమెరికా వైద్యుడు జాన్ ఈవింగ్ 1984లో ప్రచురించిన నాలుగు ప్రశ్నలను నేటికీ ఎందరో డాక్టర్లు అడుగుతుంటారు. తగ్గించుకోవాలని ఎప్పుడైనా అనుకున్నావా? నీ తాగుడు గురించి ఇతరులు మాట్లాడితే చిరాకు పడ్డావా? తాగినందుకు తప్పు చేశానని బాధపడ్డావా? ఉదయం లేస్తూనే, వణుకు తగ్గటానికో, ఒళ్ళు కుదుటపడటానికో తాగావా? రెండింటికి ‘అవును’ అంటే జాగ్రత్తపడాలి. మూడో ప్రశ్న మన వారి విషయంలో అంతగా పనికిరాదనే నా అభిప్రాయం. గుండెలో రవ్వంత ఈమాన్ ఉన్నవాడు మొదటి గుక్కకే బాధపడతాడు. నాలుగోదాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మునుపటి మత్తు కోసం ఇప్పుడు రెట్టింపు తాగాల్సి రావటం, ఖుర్ఆన్ మీద చేయి వేసి ప్రమాణం చేసి కూడా వారం తిరగకుండా తప్పటం, అన్నం కన్నా, పిల్లల ఫీజు కన్నా సీసా ముందుకు రావటం, ఇవి కూడా ఆ జబ్బు లక్షణాలే.

‘మావాడు రమజాన్ నెలంతా ముట్టడు, కనుక బానిస కాలేదు’ అని కొందరు సమాధానపడతారు. ఆ నెల ఆగగలగటం అల్లాహ్ అనుగ్రహమే. కాని పండుగ మూడో రోజునే దుకాణం ముందు నిలబడితే ఆ ఆగటం దేనికి రుజువు? చాలా మంది తాగుబోతులు వారాలు, నెలలు ఆగగలరు. ఆగిన తర్వాత ఏం జరిగిందన్నదే చూడాలి.

దీనికన్నా ప్రమాదకరమైన పరిస్థితి మరొకటుంది. ఏళ్ళ తరబడి రోజూ ఎక్కువగా తాగేవాడు నెలవంక చూసి ఒక్కసారిగా మానేస్తాడు. మద్యం మెదడు వేగాన్ని అణచివేస్తుంది. రోజూ తాగేవాని మెదడు దాన్ని తట్టుకోవటానికి తన వేగం పెంచుకుంటుంది. మద్యం ఆగిపోయినా ఆ వేగం వెంటనే తగ్గదు. చివరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమటలు, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి చలిస్తుంది, లేని మనుషులు, పురుగులు కనిపిస్తాయి. చికిత్స అందకపోతే ప్రాణం పోవచ్చు. 2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వల్ల మద్యం, కల్లు దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటి వారు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ఇదే ఇంట్లో జరిగితే ‘సాయా పట్టింది’ అని ఆమిల్ దగ్గరకు, తాయెత్తుల కోసం పరుగెత్తేవారున్నారు. దుఆ చేయండి, ఖుర్ఆన్ పఠించండి. కాని ఆసుపత్రికి వెళ్ళే ఆటోలో పఠించండి. ఆ గంటలు విలువైనవి. రోగి ఉపవాసాలను ఇతర దినాల్లో పూర్తి చేసుకోవచ్చని అల్ బఖర సూరాయే అనుమతించింది. అతని విషయంలో ఎలా చేయాలో డాక్టరు మాట విని, తెలిసిన ఆలిమ్‌ను అడగండి.

ఇంట్లోవారి నోటి మాట గురించి కూడా చెప్పాలి. దైవప్రవక్త (స) కాలంలో అబ్దుల్లాహ్ అనే వ్యక్తి మాటిమాటికీ తాగి పట్టుబడేవాడు. శిక్ష అమలు జరిగేది. ఒకరు అతన్ని శపించినప్పుడు దైవప్రవక్త (స) వారించారు. అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. చేసిన పనిని ఆయన తేలిక చేయలేదు, మనిషిని మాత్రం వెలివేయలేదు. మనమేమో ‘40 రోజులు నీ నమాజు చెల్లదు, మస్జిదుకెందుకు?’ అని ఎత్తిపొడుస్తాం. ఆ హదీసు భావం పుణ్యఫలం దక్కదనే గాని నమాజు విధి తొలగిపోతుందని కాదని ఉలమాలు వివరించారు. తాగినవాడు కూడా మత్తు దిగాక నమాజు చేయవలసిందే.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు రోజుకు ఎంత తాగుతాడు, ఎన్నేళ్ళుగా, చివరిసారి ఎప్పుడు తాగాడు, ఇంతకుముందు మానినప్పుడు ఫిట్స్ వచ్చాయా అన్నవి దాచకుండా చెప్పండి. సిగ్గుపడి సగమే చెబితే మందుల మోతాదు తప్పుతుంది. కల్లు తాగేవాడైతే అది కూడా చెప్పండి. కల్తీ కల్లులో మత్తుమందులు కలుపుతారు గనుక దానికి చికిత్స వేరుగా ఉండవచ్చు. ఎక్కడికి వెళ్ళాలో తోచకపోతే వ్యసన విముక్తి కోసం ప్రభుత్వం నడిపే 14446 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భార్య గాని, తల్లి గాని చేసినా సమాధానం చెబుతారు.