సీతాకోకచిలుక నాలుగు దశలు: పిల్లలకు పాఠం, రైతుకు లెక్క



పిల్లల్ని పొలానికి తీసుకెళితే ఏ పురుగు కనపడినా ఒకటే అడుగుతారు. "ఇది మంచిదా, చెడ్డదా? చంపేద్దామా?" ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పలేం. నిమ్మాకు తినేసే పురుగూ, పూల మీద తిరిగే సీతాకోకచిలుకా ఒకటే జీవి. అది ఈరోజు ఏ దశలో ఉంది అన్నదాన్నిబట్టి మన జవాబు మారుతుంది. ప్రకృతి వ్యవసాయంలో పురుగు యాజమాన్యమంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. అంగన్‌వాడీ వయసు పిల్లలకు కూడా దీన్ని పెరట్లోనే నేర్పవచ్చు.

గుడ్డు ఎక్కడ దొరుకుతుంది?

నగరం, రేపల్లె, బాపట్ల, తెనాలి వైపు పెరడు ఉన్న ఇంట్లో కరివేపాకో, నిమ్మచెట్టో ఉండనే ఉంటుంది. వానలు పడి కొత్త చిగురు వచ్చినప్పుడు పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లండి. నలుపు మీద లేత పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక చిగుళ్ల చుట్టూ తిరుగుతూ ఆకును కాళ్లతో తాకి చూస్తుంటుంది. అది కాళ్లతోనే రుచి చూస్తుంది. తన పిల్ల తినగలిగే ఆకే అని తేలితే ఒక గుడ్డు అతికించి వెళ్లిపోతుంది. గుడ్డు ఆవగింజ కన్నా చిన్నగా, లేత పసుపు రంగులో, గుండ్రంగా ఉంటుంది.

గుడ్డున్న రెమ్మను కోసి, నీళ్లు పోసిన చిన్న సీసాలో పెట్టండి. పురుగు నీళ్లలో పడకుండా సీసా మూతి దగ్గర దూది కుక్కండి. దాన్ని వెడల్పాటి డబ్బాలో ఉంచి పైన పాత దోమతెర గుడ్డ కట్టండి. డబ్బా ఎండలో పెట్టొద్దు. రోజూ తాజా ఆకు వేయాలి, రెట్ట తుడవాలి. ఆ పని పిల్లలకే అప్పగించండి.

ఒక జాగ్రత్త. బజారులో కొన్న కరివేపాకు వేయొద్దు. దాని మీద రసాయన మందు మిగిలి ఉంటే పురుగు చచ్చిపోతుంది. మందు కొట్టని మన పెరటి ఆకే వేయాలి. ఎందుకో పిల్లలకు చెప్పండి. అదే కరివేపాకు మన పులుసులోకీ వస్తుందని వాళ్లంతట వాళ్లే అంటారు.

పురుగు దశ

మూడు నుంచి ఐదు రోజుల్లో గుడ్డు పగులుతుంది. బయటికొచ్చిన పురుగు ముందు గుడ్డు పెంకునే తినేస్తుంది. చిన్నప్పుడు నల్లగా, తెల్ల మచ్చలతో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట చూసినా తినే వస్తువనుకోదు. చర్మం సాగదు కాబట్టి ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత చర్మం విడుస్తుంది. అలా నాలుగుసార్లు విడిచి, చివరికి ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. పుల్లతో మెల్లగా తాకితే తల వెనక నుంచి నారింజ రంగు కొమ్ముల జంట బయటకు తీసి ఘాటు వాసన వదులుతుంది. శత్రువును బెదిరించే పద్ధతి అది.

గొంగళి కప్పుకున్నట్టు ఒళ్లంతా నూగు ఉంటుంది కాబట్టి గొంగళిపురుగు అన్నారు. కానీ నిమ్మ మీది ఈ పురుగు నున్నగా ఉంటుంది, దురద పెట్టదు. నూగున్న పురుగుల్ని మాత్రం పిల్లలు ముట్టుకోకూడదని గట్టిగా చెప్పండి.

గూటి దశ, రెక్కల దశ

రెండు మూడు వారాలు తిన్నాక పురుగు తిండి మానేస్తుంది. డబ్బాలో ఒక పుల్ల నిలబెట్టి ఉంచండి. దానికి తోకను అతికించుకుని, నడుముకు సన్నని పట్టుదారం కట్టుకుని ప్యూపాగా మారుతుంది. చుట్టూ ఉన్నదాన్నిబట్టి ఆకుపచ్చగానో, గోధుమ రంగులోనో ఉంటుంది. ఇక్కడ పిల్లలకు "నిద్రపోతోంది" అని చెప్పేస్తుంటాం. నిద్ర కాదది. లోపల పాత శరీరం చాలావరకు కరిగి కొత్తది తయారవుతుంది. ఆకు కొరికే దవడలు పోయి తేనె పీల్చే గొట్టం వస్తుంది. పట్టుపురుగులా దారంతో ఒళ్లంతా కప్పే గూడు ఇది అల్లదు, ఆ తేడా కూడా చెప్పండి.

వారం పది రోజులకు సీతాకోకచిలుక వస్తుంది. రెక్కలు ముడతలుపడి తడిగా ఉంటాయి. సాయం చేయాలని లాగొద్దు. గంటా రెండు గంటల్లో అవే విచ్చుకుంటాయి. తర్వాత పిల్లల చేతే వదిలిపెట్టించండి.

గుర్తుండటానికి నేల మీద ముగ్గులా పేర్చమనండి. గుడ్డుకు సగ్గుబియ్యం, పురుగుకు వరుసగా పెసలు, ప్యూపాకు వేరుశనగ కాయ, రెక్కలకు ఎండుటాకులు. గుండ్రంగా పేర్చాలి, ఎందుకంటే చివరిది మళ్లీ గుడ్డు పెడుతుంది.

ఇప్పుడు మన పొలానికి వద్దాం

వరిలో కాండం తొలిచే పురుగుదీ ఇదే లెక్క.

గుడ్డు దశలో అది నారు ఆకు కొనల మీద, గోధుమ రంగు నూగు కింద గుంపుగా ఉంటుంది. కొనలు తుంచి నాటితే ఆ గుడ్లు మడిలోకే రావు. ట్రైకోగ్రామా కార్డులు పనిచేసేదీ గుడ్డు మీదే.

గుడ్డు పగిలిన పురుగు కాండంలోకి దూరిపోతుంది. మొవ్వు ఎండి, లాగితే చేతికొచ్చింది అంటే పురుగు అప్పటికే లోపల ఉంది. అప్పుడు ఎంత కషాయం కొట్టినా లోపలికి చేరదు. కషాయం పనిచేసేది పురుగు బయట, చిన్నగా ఉన్నప్పుడే.

గూటి దశ ఒక్కో పురుగుకు ఒక్కో చోట. కాండం పురుగుది కాండం అడుగున. 2018లో మన దేశంలో కనిపించి మొక్కజొన్నను పట్టుకున్న కత్తెర పురుగుది మట్టిలో. దున్నితే అది బయటపడి పిట్టల పాలవుతుంది.

తల్లి పురుగు వరిని తినదు, గుడ్లు పెట్టిపోతుంది. దీపపు ఎరలు, లింగాకర్షక బుట్టలు దానికోసమే. దీపం రాత్రంతా ఉంచితే మిత్ర పురుగులు కూడా పడతాయి. సాయంత్రం మూడు నాలుగు గంటలు చాలు.

పెద్ద పిల్లలకు ఇంకో మాట చెప్పండి. అన్ని పురుగులకూ నాలుగు దశలుండవు. మిడతకు, వరిలో దోమకు గూటి దశ లేదు. పిల్ల పురుగు, పెద్ద పురుగు రెండూ ఒకే తిండి తింటాయి. కాబట్టి దోమ విషయంలో "రెక్కలొచ్చాయిగా, ఇక నష్టం లేదు" అనుకోవడానికి లేదు.

ఒక మొక్క వదిలిపెట్టండి

కషాయానికి కన్ను లేదు. మనం కొట్టే అగ్నిఅస్త్రానికి కాండం పురుగు ఏదో, సీతాకోకచిలుక పిల్ల ఏదో తెలియదు. సహజమైనదే కదా అని పెరడంతా కొట్టేస్తే పిల్లలకు చూపించడానికి ఏమీ మిగలదు. ఒక కరివేపాకు మొక్కను కషాయం కొట్టకుండా వదిలేయండి. చిన్న నిమ్మ మొక్కకు నాలుగు పురుగులు పడితే ఆకులన్నీ పోతాయి. వాటిని పుల్లతో తీసి ఆ కరివేపాకు మీదకు మార్చే పని పిల్లలకు ఇవ్వండి. ఎదిగిన చెట్టుకైతే నాలుగు పురుగుల వల్ల ఏ నష్టమూ లేదు.

గట్టు మీద ఒక జిల్లేడు కూడా ఉండనివ్వండి. తెలుపు, నలుపు, పసుపు చారల పురుగు అక్కడ కనిపిస్తుంది. అదీ సీతాకోకచిలుక పిల్లే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, పిల్లల్ని దూరం నుంచే చూడమనండి.

ఈసారి పిల్లలు "చంపేద్దామా?" అని అడిగితే, "ఇది ఏ దశలో ఉంది, ఏం తింటోంది, తర్వాత ఏమవుతుంది?" అని తిరిగి అడగండి. ఈ మూడూ చూసి చెప్పగలిగిన పిల్ల రేపు పొలంలో అనవసరంగా మందు డబ్బా పట్టుకోదు.