పాత కారుకు వెనుక డిస్కు బ్రేకులు



అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అయినా ఆ కార్లు ఇంకా తిరుగుతున్నాయి. వాటి వెనుక చక్రాలకు డ్రమ్ము బ్రేకులుంటాయి. వాటి స్థానంలో డిస్కులు వేయాలంటే ఏమేం చూడాలో, మేము చదివినంతలో చెబుతాం. రేపు షెడ్డులోనో ఫ్యాక్టరీలోనో ఈ పని మన చేతికే రావచ్చు.

డ్రమ్ము తిరిగే ఊపే ముందు షూను లోనికి లాగి పట్టు పెంచుతుంది. డిస్కుకు ఆ సాయం లేదు. ప్యాడ్లను ఎక్కువ బలంతో నొక్కాలి. అయితే డిస్కుకు గాలి బాగా తగులుతుంది, త్వరగా చల్లబడుతుంది.

1. బిగింపు: డ్రమ్ము, షూలు, బ్యాక్ ప్లేటు తీసి, ఆ బోల్టు రంధ్రాలకే మందపాటి ఉక్కు బ్రాకెట్టు బిగించి క్యాలిపర్ నిలుపుతారు. బ్రేకు వేసినప్పుడు వచ్చే బలమంతా ఆ బ్రాకెట్టే మోస్తుంది. యాక్సిల్ పక్కలకు ఆడితే డిస్కు ప్యాడ్లను వెనక్కి నెడుతుంది, పెడల్ లోతుకు పోతుంది. ముందు బేరింగులు చూడాలి.

2. మాస్టర్ సిలిండర్: కొన్ని పాతవాటిలో డ్రమ్ముల కోసం పైపులో కొద్ది ఒత్తిడి నిలిపే వాల్వు ఉంటుంది. అది అలాగే ఉంటే ప్యాడ్లు డిస్కును వదలక వేడెక్కుతాయి.

3. సమతూకం: ఇదే ప్రాణం. ఒక లెక్క చేద్దాం. కారు బరువు 1200 కిలోలు, ముందు 600, వెనుక 600 అనుకుందాం. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, గరిమనాభి ఎత్తు 0.6 మీటరు, బ్రేకు త్వరణం 0.7 జి.

1200 × 0.7 × 0.6 ÷ 2.5 = సుమారు 200 కిలోలు.

అంత బరువు ముందుకు పోతుంది. వెనుక మిగిలేది 400. తేలికపడిన వెనుక చక్రాలు ముందుగా బిగుసుకుంటే కారు గిర్రున తిరుగుతుంది. అందుకే వెనుక పైపులో ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టి, ముందు చక్రాలే మొదట బిగుసుకునేలా సరిచేయాలి.

4. హ్యాండ్ బ్రేకు: కేబులుతో పనిచేసే మీట ఉన్న క్యాలిపర్లే ఎంచుకోవాలి. ఆయిలు ఒత్తిడిని నమ్మి కారును వాలులో నిలపరాదు.

చివరిగా చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి పని మొదలుపెట్టకముందే రవాణా కార్యాలయంలో అడగాలి.

మా ఇళ్లలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాళ్లం మేమే. పానా పట్టే చేతికి ఈ చిన్న లెక్క తోడైతే, ఆ కారెక్కిన కుటుంబం క్షేమంగా ఇల్లు చేరుతుంది. లెక్కల పీరియడును తేలిగ్గా తీసుకోకండి.