పాత రిమోటు - కొత్త స్టీరియో : ఓమ్ నియమంతో ఒక పరిశీలన



పదవ తరగతి భౌతికశాస్త్రంలో ఓమ్ నియమం, నిరోధాల శ్రేణి సంధానం, సమాంతర సంధానం చదువుతాం. లెక్క చేసి మార్కులు తెచ్చుకుంటాం. అదే లెక్క నీటి మీద పడవలో ఎలా పనికొస్తుందో చూద్దాం.

అమెరికా, న్యూజిలాండ్ వంటి దేశాలలో విహారపు పడవలలో పాటల కోసం స్టీరియో అమర్చుకుంటారు. పడవ నడిపేవారికి అందేటట్లు చుక్కాని దగ్గర ఒక రిమోటు బిగించి, తీగతో స్టీరియోకు కలుపుతారు. కొన్నేళ్లకు స్టీరియో మారుస్తారు. పాత రిమోటు బాగానే ఉంటే దానినే కొత్తదానికి కలపవచ్చా? ప్లగ్గు సరిపోతే చాలదు. రెండింటి భాష ఒకటి కావాలి.

పాత రిమోటు పనిచేసే విధానం

పాత తీగ రిమోట్లలో ఒక రకం ఇలా ఉంటుంది. ఒక్కొక్క బటనుకు ఒక్కొక్క నిరోధం. బటను నొక్కగానే ఆ నిరోధం స్టీరియో లోపలి నిరోధంతో శ్రేణిలో కలుస్తుంది. రిమోటు రెండు తీగల మధ్య వచ్చిన ఓల్టేజిని బట్టి ఏ బటను నొక్కామో స్టీరియో గ్రహిస్తుంది.

ఉదాహరణకు స్టీరియో ఇచ్చేది 5 ఓల్టులు, లోపలి నిరోధం 1000 ఓమ్‌లు అనుకుందాం.

'శబ్దం పెంచు' బటను (250 ఓమ్‌లు): 5 × 250 ÷ 1250 = 1 ఓల్టు
'శబ్దం ఆపు' బటను (1500 ఓమ్‌లు): 5 × 1500 ÷ 2500 = 3 ఓల్టులు

కొత్త స్టీరియోకు కూడా 1 ఓల్టు అంటే 'పెంచు' అనే అర్థం. కాని దాని లోపలి నిరోధం 6000 ఓమ్‌లు అనుకోండి. ఇప్పుడు 'ఆపు' నొక్కితే 5 × 1500 ÷ 7500 = 1 ఓల్టు. ఆపమంటే శబ్దం పెరుగుతుంది!

ఇది నవ్వుకొని వదిలేసే విషయం కాదు. ఆపదలో ఉన్న పడవలు వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ చానల్ (156.8 మెగాహెర్ట్జ్) మీద సహాయం కోరతాయి. ఆ పిలుపు వినబడాలంటే పాట వెంటనే ఆగాలి.

కొత్త పద్ధతి

ఇప్పటి పడవ స్టీరియోలలో కొన్ని 'ఎన్ఎంఈఏ 2000' అనే నెట్‌వర్కుతో కలుస్తాయి. ఇందులో ఆజ్ఞలు సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో అంకెల రూపంలో వెళతాయి. ప్రధాన తీగ రెండు చివరల 120 ఓమ్‌ల నిరోధాలు ఉంటాయి. అవి సమాంతరంగా ఉన్నందున, కరెంటు ఆపి రెండు సమాచార తీగల మధ్య కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. అదే కేబులులో 12 ఓల్టుల సరఫరా కూడా ఉంటుంది. బటను రిమోటును దీనికి తగిలిస్తే రిమోటు కాలిపోవచ్చు. ఇదే కేబులు మీద నడిచే లోతు కొలిచే పరికరం, జీపీఎస్ కూడా ఆగిపోవచ్చు.

చేయవలసిన పనులు

1. ముందు బ్యాటరీ కనెక్షను తీయాలి.
2. రెండు పరికరాల పుస్తకాలలో రిమోటు ఏ రకమో చూడాలి.
3. నిరోధాల రకమైతే మల్టీమీటరుతో ప్రతి బటను కొలిచి పట్టిక రాయాలి.
4. కొత్త స్టీరియో కోరే విలువలతో పోల్చాలి. తేడా ఉంటే నిరోధాలు మార్చాలి, లేదా తయారీదారు సూచించిన అడాప్టరు వాడాలి.
5. ఒకటి నిరోధాల రకం, రెండవది అంకెల రకం అయితే, అడాప్టరు లేనప్పుడు కొత్త రిమోటు కొనడమే మేలు.
6. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా తగరం పూత ఉన్న రాగి తీగ వాడాలి.

మిత్రులారా! రెండు కొనలు కలిపే ముందు కొలవాలి, లెక్క చూడాలి. మన పాఠ్యపుస్తకంలోని చిన్న సూత్రం నేర్పేది ఇదే.