ఐదో ప్రయత్నానికే చిక్కిన కారకం

ప్రశ్న: 4,29,49,67,297ను 100 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూశాను. ప్రతిసారీ శేషం మిగిలింది. ఇది ప్రధాన సంఖ్యేనా?

జవాబు: కాదండీ. కానీ మీ ఓపిక మెచ్చుకోదగ్గది. 32 రెండ్లను గుణించి, 1 కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఇది ప్రధాన సంఖ్యేనని ఫెర్మా అంతటివాడే నమ్మాడు. 1732లో ఆయిలర్ అది తప్పని తేల్చాడు.

దీన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. ఎంత అందమైన నియమమో చూడండి! 100 లోపు అలాంటి ప్రధాన సంఖ్య ఒక్కటీ లేదు. అందుకే మీకు కారకం దొరకలేదు. 193, 257, 449, 577 దాటాక 641 దగ్గర లెక్క తెగుతుంది: 641 × 67,00,417. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే. కాలిక్యులేటర్ పక్కనపెట్టి, ఈ గుణకారం ఒకసారి చేత్తో చేసి చూడండి.