కీళ్ళ నొప్పులు – పాడి కుటుంబాలు తెలుసుకోవలసిన సంగతులు

మానవ శరీరంలో 206 ఎముకలు ఉన్నాయి. రెండు ఎముకలు కలిసే చోటును కీలు అంటాము. తెల్లవారుజామున గేదె కింద గొంతుక్కూర్చున్నది మొదలు, కేంద్రంలో పాలు పోసి వచ్చే వరకు పాడి చేసేవారి కీళ్ళకు తీరిక ఉండదు. మేత గురించి, దాణా గురించి సంఘాలలో ఎన్నో పాఠాలు చెప్పుకున్నాము. పాలు పితికే మనిషి కీళ్ళ గురించి కూడా ఒక పాఠం అవసరమని తలచి ఇది వ్రాస్తున్నాము.

కీళ్ళు – కదలికలు

కీళ్ళన్నీ ఒక్క తీరుగా ఉండవు. మోచేయి, మోకాలు తలుపు బందువలె ముడుచుకొని తెరుచుకుంటాయి. వీటిని మడతబందు కీళ్ళు అంటారు. భుజం, తుంటి బంతి గిన్నె కీళ్ళు. ఇవి అన్ని వైపులకు తిరుగుతాయి. తల అటూ ఇటూ తిరగడానికి మెడలో బొంగరపు కీలు ఉన్నది. బొటనవేలి మొదట ఉన్న కీలు గుర్రపు జీనువలె అమరి ఉంటుంది. అది ఉండబట్టే చన్నును పట్టి పితకగలుగుతున్నాము.

కీలులో ఎముకల చివరలకు మృదులాస్థి అనే నున్నని తొడుగు ఉంటుంది. మధ్యనున్న జిగురు ద్రవం బండి ఇరుసుకు కందెనవలె పనిచేస్తుంది. ఎముకలు పక్కకు జారకుండా సంధి బంధనాలు పట్టి ఉంచుతాయి. మృదులాస్థిలో రక్తనాళాలు లేవు. కీలు కదిలినపుడే ద్రవం ద్వారా దానికి పోషణ అందుతుంది. కావున నొప్పి అని పూర్తిగా కదలక కూర్చోవడమూ, శక్తికి మించిన బరువు మోయడమూ రెండూ తగవు.

నొప్పులన్నీ ఒకటి కావు

మన గ్రామాలలో ఏ కీలు నొప్పి పుట్టినా వాతమని ఒక్క మాటతో సరిపెడతారు. కారణాలు వేరు, వైద్యమూ వేరు.

50 ఏళ్ళు దాటినవారిలో, ముఖ్యంగా స్త్రీలలోను, స్థూలకాయులలోను మోకాలి మృదులాస్థి అరుగుతుంది. ఈ నొప్పి పనితో పెరిగి విశ్రాంతితో తగ్గుతుంది. రెండు చేతుల వేళ్ళ కణుపులూ వాచి, ఉదయం గంటకు పైగా బిగుసుకొని ఉంటే అది రుమటాయిడ్ కీళ్ళవాతం కావచ్చును. ఆలస్యం చేస్తే వేళ్ళు వంకరపోతాయి. రాత్రికి రాత్రి కాలి బొటనవేలు వాచి ముట్టుకోనీయకపోతే, రక్తంలో యూరిక్ ఆమ్లం పెరగడం వల్ల వచ్చే గౌటు కావచ్చును. తాగే నీటివల్ల కూడా కీళ్ళు బిగుసుకుపోతాయి. అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాలలో ఫ్లోరైడు నీటి వల్ల వచ్చే ఈ వ్యాధిని 1937లో వైద్యులు వెల్లడించారు.

పశువుల కొట్టం నుండి వచ్చే నొప్పి

పాడి ఇళ్ళవారు ప్రత్యేకంగా తెలుసుకోవలసినది మరొకటి ఉన్నది. పశువులు చూడి చివరి నెలలలో ఈసుకుపోయే బ్రూసెల్లోసిస్ రోగం మనుషులకూ సోకుతుంది. సాయంత్రాలు జ్వరం, విపరీతమైన చెమటలు, నీరసం, నడుము, తుంటి, మోకాళ్ళ నొప్పులు వారాల తరబడి వదలవు. 1887లో మాల్టా ద్వీపంలో డేవిడ్ బ్రూస్ అనే సైనిక వైద్యుడు ఈ క్రిమిని కనుగొన్నాడు. అక్కడ మేకల ద్వారా వస్తున్నదని 1905లో తేలినది. 1906లో సైనికులకు మేకపాలు నిలిపివేయగా జ్వరాలు తగ్గిపోయినవి.

విజయవాడ మిల్కు ప్రాజెక్టుకు చేరిన పాలను పాశ్చరైజు చేస్తారు. ఆ వేడికి ఈ క్రిమి చస్తుంది. ప్యాకెట్టు పాలు కొనే పట్నవాసికి ఆ రక్షణ ఉన్నది. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టే మన ఇంటికి లేదు.

ఆచరించవలసినవి

1. పొంగు వచ్చేవరకు కాచనిదే పాలు తాగరాదు.

2. ఈసుకుపోయిన దూడను, మాయను ఉత్త చేతులతో ముట్టరాదు. సున్నం వేసి లోతుగా పూడ్చాలి. గర్భిణీ స్త్రీలు దగ్గరకు పోరాదు.

3. 4 నుండి 8 నెలల ఆడదూడలకు పశువైద్యునిచే టీకా వేయించాలి. జీవితంలో ఒక్కసారి చాలు. 2019లో ప్రారంభమైన జాతీయ పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమంలో ఈ టీకా చేర్చబడినది.

4. జ్వరంతో కూడిన కీళ్ళ నొప్పికి డాక్టరు వద్దకు పోయినపుడు ఇంట్లో పశువులున్నాయని తప్పక చెప్పాలి. రక్తపరీక్షలో బ్రూసెల్లోసిస్ అని తేలితే, కనీసం 6 వారాల మందులు మధ్యలో మానరాదు. మానితే రోగం తిరగబెడుతుంది.

5. పేరులేని పొట్లాల మాత్రలు కొని మింగరాదు. వాటిలో స్టెరాయిడ్లు ఉంటే నొప్పి అణగినట్లే అణగి, ఎముకలు గుల్లబారుతాయి.

6. మోకాళ్ళ నొప్పి ఉన్నవారు చిన్న పీట వేసుకొని పితకాలి. బొటనవేలు మడిచి కణుపుతో నొక్కరాదు. పిడికిటితో పితికితే వేలికీ, చన్నుకూ మేలు.

మేము తనిఖీకి వెళ్ళినపుడు, ఈనవలసిన నెల దాటినా పాలు పోయని సభ్యుని గురించి అడిగితే, "గేదె ఈసుకుపోయిందండీ" అన్న జవాబు వస్తుంటుంది. కార్యదర్శులు అంతటితో ఊరుకోక, ఆ ఇంటిలో విడవని జ్వరంతో, కీళ్ళ నొప్పులతో ఎవరైనా ఉన్నారా అని కూడా విచారించాలి. ఉంటే పశువును పశువైద్యునికి, మనిషిని ప్రభుత్వ ఆసుపత్రికి చూపించాలి. ఈ పాఠాన్ని పాలు పోసే వేళ సభ్యులకు, ముఖ్యంగా మహిళలకు, చదివి వినిపించగలరని కోరుచున్నాము.